మూటకు దోసెడు

కాపురానికి వచ్చిన వారంలోనే మా అత్త నన్ను సావుకారి కళ్లానికి వెంటబెట్టుకుపోయింది. ఆమె నాన్నకు తోబుట్టువు, నాకు మేనత్త. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషే. అయినా పనిచేసే చోట ఆమెను చూడడం అదే మొదలు.

కోడుమూరు నుంచి కర్నూలు పోయే బండ్లబాట పక్కన ఉండేది ఆ కళ్లం. చుట్టూ రాతి గోడ, లోపల గుట్టలు గుట్టలుగా వేరుశనగ కాయలు. మావైపు వాటిని బుడ్డలంటాం. చుట్టుపక్కల ఊళ్ల రైతులు బండ్ల మీద తోలుకొచ్చి సావుకారికి అమ్మేవాళ్లు. ఆయన వాటిని ఒలిపించి, గింజలు మూటలు కట్టించి, కర్నూలు రైలుస్టేషనుకు పంపేవాడు. అక్కడి నుంచి మద్రాసుకు, ఆపైన ఓడల్లో ఎక్కడికో పోయేవి. ఒలిచేది మేము. గోడ నీడ ఎటు పడితే అటు చాపలు లాక్కుంటూ వరసలుగా కూర్చునేవాళ్లం. అంతమంది ఆడవాళ్ల వేళ్ల కింద కాయలు చిట్లుతుంటే, బాట మీద పోయేవాళ్లకు వాన చినుకులు పడుతున్నట్టు వినిపించేదట.

కొత్తలో నా వేళ్లు వాచిపోయాయి. బొటనవేలి గోరు కింద నెత్తురు గడ్డకట్టింది. మా అత్త ఆముదం రాసి గుడ్డపీలిక చుట్టి, మర్నాడు మళ్లీ కూర్చోబెట్టింది.

"గోరుతో ఒత్తద్దు మేయ్. వేలి పక్కతో నొక్కు. కాయకు ముక్కుంటాది చూడు, ఆడ నొక్కితే అదే పగుల్తాది," అని నేర్పింది.

గంప ఒలిస్తే ఇన్ని జొన్నలని కొలిచి ఇచ్చేవాళ్లు. పొట్టు మాది. సాయంత్రం కొంగులో, గోనెలో, ఎవరికి చేతనైనంత వాళ్లు ఎత్తుకుపోయేవాళ్లం. కట్టెపుల్ల దొరకని నేల మాది. పొయ్యి మండాలంటే ఆ పొట్టే దిక్కు. మా అత్త భర్త చనిపోయిన ఏటి నుంచి ఆ కళ్లంలోనే కూర్చుని కొడుకును పెంచింది. కొత్తగా వచ్చినవాళ్లను ఎక్కడ కూర్చోబెట్టాలో, పసిబిడ్డ తల్లికి నీడ చోటు ఎవరు వదలాలో ఆమె చెప్పేది. ఆ పెత్తనం ఎవరూ ఇచ్చింది కాదు, ఎవరూ కాదన్నదీ లేదు. ఆ కొడుకే నా భర్త. అదే కళ్లంలో మూటలు మోసేవాడు.

మేము చేసే పనిలో ఒక లోపం ఉండేది. ఎండిన కాయ గట్టిగా ఉంటుంది, వేళ్లు ఓర్చుకోలేవు. అందుకని కాయల మీద నీళ్లు చిలకరించేవాళ్లం. మెత్తబడితే పని తొందరగా సాగేది, కొలతలో గింజ కాస్త ఉబ్బినట్టు కనిపించేది కూడా. సావుకారికి ఆ సంగతి తెలుసు. ఎన్నో ఏళ్లు చూసీ చూడనట్టు పోయాడు. ఒక ఏడు మద్రాసు నుంచి మూటలు తిరిగొచ్చాయి. విప్పి కుమ్మరిస్తే గింజలు నల్లబడి, ముక్కిన వాసన కళ్లమంతా కొట్టింది. ఆయన ఆ గింజలు గుప్పెట్లో పట్టుకుని మా వరసల మధ్య నడిచాడు. తిట్టలేదు. ఒక్కొక్కరి చాప ముందు నాలుగు గింజలు వేసుకుంటూ పోయాడు.

తిట్టి ఉంటే బాగుండేదని మా అత్త అన్నది.

ఆ వేసవిలో కళ్లం మూలన రాతితో ఒక దిమ్మె కట్టడం మొదలుపెట్టారు. దేనికని అడిగితే మేస్త్రి చెప్పలేదు. దిమ్మె మీద ఇనప బోల్టులు నిలబెట్టి చుట్టూ సున్నం పోసి వదిలేశారు. కొందరు గుడి కడుతున్నారన్నారు. ఒకామె దాని మీద పసుపు చల్లి దండం పెట్టింది. నా భర్త ఆ రోజుల్లో ఇంట్లో మాట తగ్గించేశాడు. అన్నం ముందు కూర్చుని, పిలిస్తే ఉలిక్కిపడేవాడు.

వానలు వెనకబడిన ఆ ఏడే, పంట కళ్లానికి చేరే ముందు, రెండు బండ్ల మీద ఇనప సామాను వచ్చింది. ఒక బండిలో ఆయిలు ఇంజను, ఇంకొక బండిలో కాయలు ఒలిచే మిషను. ఎద్దులు ఒగర్చుకుంటూ వచ్చాయి. దించిన మనుషులలో నా భర్త ముందున్నాడు. ఆదోనిలో దూది గింజ తీసే మిల్లులో ఒక పంటకాలం పనిచేసి ఉన్నాడతను. ఇంజను ఆడించడం, చక్రానికి తోలు పట్టా ఎక్కించడం ఎరుగును. ఆ పని ఊళ్లో ఇంకెవరికీ రాదు.

కొబ్బరికాయ కొట్టారు. నా భర్త ఇంజను తలకాయను దీపంతో ఎర్రగా కాల్చి, పెద్ద చక్రం పట్టుకుని ఊపాడు. అది ఒకసారి దగ్గి ఊరుకుంది. మాలో ఎవరో నవ్వారు. రెండోసారికి అందుకుంది. డుబ్బు డుబ్బుమని నేల అదిరింది. గొట్టంలోంచి నల్లటి పొగ ఉండలు ఉండలుగా లేచింది. పైన గరాటులో కాయలు పోస్తుంటే కింద ఒకవైపు గింజలు జారాయి, ఇంకోవైపు పొట్టు గాలికి ఎగిరిపడింది. మేమంతా కూర్చుని ఒలిచే గుట్ట మధ్యాహ్నానికి కరిగిపోయింది. ఆ రోజు మమ్మల్ని పొమ్మని ఎవరూ అనలేదు. కూర్చోమనీ అనలేదు. చంకల్లో చాపలు పెట్టుకుని గోడవారన నిలబడి చూశాం. సాయంత్రం ఇంజను ఆపినాక చెవుల్లో ఒక రకమైన నిశ్శబ్దం. పసిబిడ్డలు కూడా ఏడవలేదు.

ఇంటికొచ్చినాక అడిగాను.

"నీకు ముందే తెలుసా బావా?"

"దిమ్మె కట్టేటప్పుడే సావుకారి చెప్పినాడు."

"మాకేంటికి చెప్పకపోతివి?"

"చెప్తే ఏం చేసేవాళ్లు మీరు?"

మా అత్త పొయ్యి దగ్గర నుంచి అన్నది: "వాణ్ని వదిలెయ్ మేయ్. వీడు కాకుంటే ఇంగొకణ్ని ఆదోని నుంచి పిలిపిస్తాడు. వీడైతే ఆ కూలన్నా ఇంట్లోకొస్తాది. రేయ్, తిను."

అతను తిన్నాడు. ఆమె మాత్రం ఆ పూట ఆకలి లేదని పక్కకు తిరిగి పడుకుంది.

మమ్మల్ని ఒక్కసారిగా మానిపించలేదు. మిషను కొన్ని గింజలు నలగ్గొట్టేది, వాటిని ఏరడానికి సగంమందిని ఉంచారు. మరుసటి ఏటికి జల్లెడ మార్చారు, అందులో సగంమంది చాలన్నారు. విత్తనానికి మటుకు చేత్తో ఒలిచినవే కావాలని రైతులు అడిగేవాళ్లు, అది కొన్నాళ్ల పని. పొట్టు మాకు దక్కకుండా పోయింది. సున్నపు బట్టీవాళ్లు దాన్ని మొత్తంగా కొనుక్కున్నారు. పొయ్యిలోకి కంపపుల్లల కోసం మెట్టల వెంట తిరిగాం. ఏది ముందు మొదలైందో, ఏది తర్వాతదో ఇప్పుడు సరిగా గుర్తులేదు. ఇంజను చప్పుడు మాత్రం గుర్తుంది. మా ఇంటి గోడకు ఆనుకుంటే వీపులో తెలిసేది. పెద్దామె ఒకామె దానివల్ల గుండె దడ అని మంచం పట్టింది. పిల్లలు గల ఒక జంట బొంబాయి వైపు పోయారు, మళ్లీ ఏ కబురూ లేదు. ఊళ్లో ఎవరి ఇంటి తలుపు మూసి కనిపించినా, పోయినారేమో అనుకునేవాళ్లం.

మా అత్తకు ఒక ఆలోచన తట్టింది. రైతు బండి కళ్లంలోకి వస్తే, కాటా దగ్గర మనిషి ప్రతి మూటలోంచి ఒక దోసెడు కాయలు తీసి పక్కన పోసేవాడు. "దేవుని ధర్మం" అని గట్టిగా కేకపెట్టేవాడు. ఇంకొక దోసెడు సత్రానికి, ఇంకొకటి ఊడ్చేవాడికి. ఎప్పటి నుంచో ఉన్న రివాజు. ఎవరూ అడ్డం చెప్పేవాళ్లు కాదు. ఆమె పని పోయిన ఆడవాళ్లందరినీ కూడగట్టి ఒక పొద్దున కాటా దగ్గరికి పోయింది. నేనూ వెంట ఉన్నాను.

"ఏమప్పా సావుకారీ, దేవునికి దోసెడు తీస్తాండారు, సత్రానికి దోసెడు తీస్తాండారు. మా పని తీసుకున్న మిసనుకు పోసే ప్రతి మూటకూ మాకొక దోసెడు తియ్యండి."

ఆయన చెడ్డవాడేమీ కాదు. నెమ్మదిగానే చెప్పాడు: "మిసను నాది. నా దుడ్లు పెట్టి తెచ్చుకున్నా. మీకు తియ్యల్ల అంటే ఎట్లమ్మా?"

"మిసను నీదేలేప్పా. ఎవరు కాదన్నారు? మేము నీ కళ్లంలో ముసలోళ్లమైనాం. మేము యాడికి పోవల్ల?"

"పొలం పనులకు పోండి."

"ఏ పొలంలో పనుండాది సామీ? నువ్వే చూపించు, పోతాం."

ఆయన లోపలికి పోయాడు. మేము వాకిట్లో అడ్డంగా కూర్చున్నాం. ఎవరూ కేకలు వేయలేదు. బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి ఆగిపోయాయి. ఆడవాళ్ల మీదుగా బండి తోలడానికి ఏ రైతుకూ మనసొప్పలేదు. ఎద్దుల్ని విప్పి కట్టేశారు. ఎండ నెత్తికెక్కింది. లోపల ఇంజను కొంతసేపు ఆడి, పోయడానికి కాయల్లేక ఆగింది. నా భర్త దిమ్మె మీద నిలబడి మా వైపు చూశాడు, పట్టా దించి కింద కూర్చున్నాడు. పొద్దు వాలే వేళకు కాటా మనిషి వచ్చి, సరే తీస్తామని సావుకారి ఒప్పుకున్నాడని చెప్పాడు.

మావాళ్లు అరిచారు, నవ్వారు, ఒకరిద్దరు ఏడ్చారు. ఆగిన బండ్లలో మా అన్నది కూడా ఒకటి. పుట్టింటి ఊళ్లో మెట్ట సేద్యం చేసేవాడు. నన్ను పక్కకు పిలిచాడు.

"పాపా, నీకు దోసెడు పెట్టేదానికి నాకేం బాధ లేదు. నా చెల్లెలివి. కానీ ఆ దోసెడు యాడ నుంచి తీస్తారో అడిగితివా?"

"మూటలోంచి."

"ఎవని మూట? నాది. మిసను ఆయప్పది, మిగిలేది ఆయప్పకు. ఇచ్చేది మటుకు నేనా?"

ఇంటికొచ్చి మా అత్తతో చెప్పాను. ఆమె అప్పటికే ఆలోచించిందని తెలిసింది.

"తెలుసులే. ముందు మనకంటూ ఒక పాలుండాదని ఒప్పుకున్నారు గదా. అది అలవాటు కానీ. యాడ నుంచి తియ్యల్లనేది తర్వాత అడుగుదాం."

ఆ దోసెళ్లు కొన్నేళ్లు మమ్మల్ని నిలబెట్టాయి. వారానికోసారి కుప్పను మా అత్త పంచేది. మొదట మొగుడు లేనివాళ్లకు, తర్వాత పసిబిడ్డలున్నవాళ్లకు. ఎన్నడూ కళ్లం తొక్కనివాళ్లు కూడా వచ్చి మేమూ ఒలిచామని పోట్లాడేవాళ్లు. జుట్లు పట్టుకున్న రోజులూ ఉన్నాయి. మా ఇంట్లో ఇంజను కూలి ఉంది కాబట్టి మాకు వద్దని ఆమే తీసేసింది. నాకు అప్పుడు కోపమొచ్చింది.

ఆ దినాల్లోనే ఎలక్షన్లని ఊరంతా ఒకటే మాట. కర్నూలు నుంచి ఒక వకీలు వచ్చాడు. ఖద్దరు చొక్కా, గట్టి గొంతు. సంతరోజు బండి మీద నిలబడి మాట్లాడాడు. మేము కూడా పోయాం. ఓటుండాలంటే భూమి పన్నన్నా కట్టాలి, చదువన్నా రావాలి. మాలో ఎవరికీ ఓటు లేదు. నాకప్పటికి అక్షరాలు రావు. అవి తర్వాతెప్పుడో నా కూతురి పలక మీద నేర్చుకున్నాను.

ఆయన అన్నాడు: "యంత్రాన్ని ఆపలేం. ఆపాలనుకోవడం కూడా తప్పే. కానీ యంత్రం తెచ్చే లాభం ఒక్క ఇంట్లోకి పోకూడదు. దానిలో రైతుకు పాలు రావాలి, కూలికి పాలు రావాలి. అందుకు చట్టాలు మార్చాలి. మేము మారుస్తాం." మా ఊరి ఆడవాళ్లు అడిగి తెచ్చుకున్న దోసెడు గురించి ఎవరో చెప్పినట్టున్నారు, దాన్ని కూడా మెచ్చుకున్నాడు. అందరూ మా అత్త వైపు తిరిగారు. ఆమె కొంగు తలమీదికి లాక్కుంది. అంత సంతోషంగా ఆమెను నేను ఎప్పుడూ చూడలేదు.

ఆయన గెలిచాడు. మాట కూడా తప్పలేదు. పంట కొనే చోట రైతును ఎట్లా దోచుకుంటున్నారో మద్రాసు శాసనసభలో గట్టిగా మాట్లాడాడట. మరుసటి పంటకాలానికి మావైపు మార్కెట్టు కమిటీ వచ్చింది. కాటాలకు ముద్రలు వేశారు. దొంగ తూకాలు పట్టుకున్నారు. రైతు మూటలోంచి ఏ పేరుతో ఏది తీసినా నేరమని చాటింపు వేశారు. దేవుడి దోసెడు పోయింది, సత్రం దోసెడు పోయింది, వాటితోపాటు మాదీ పోయింది.

మా అన్న ఆ ఏడు ఇంటికొచ్చి నా బిడ్డకు బెల్లపచ్చు ఇచ్చాడు. చానా ఏళ్ల తర్వాత అతని ముఖం తేటగా ఉంది. "ఈ ఏడు కాటా సరిగ్గా తూగింది పాపా," అన్నాడు. నేను సంతోషించాలో ఏడవాలో తెలియక నీళ్లు తెచ్చిచ్చాను.

వకీలు కమిటీ పని చూడడానికి వచ్చినప్పుడు మా అత్త పోయి ఎదురు నిలబడింది. చుట్టూ పెద్దమనుషులున్నారు. ఆయన గుర్తుపట్టి, కూర్చోమన్నాడు. ఆమె కూర్చోలేదు.

"వకీలయ్యా, మా దోసెడు ఎత్తేస్తిరే."

"అమ్మా, అది రైతు సొత్తు. అందులోంచి తియ్యడం అన్యాయం కాదా?"

"అన్యాయమే. నా కోడలి అన్న కూడా అదే అంటాండాడు. మరి మిసను సొత్తులోంచి తీపియ్యండి. మీరే చెప్తిరి గదా, కూలికి పాలు రావల్లని."

ఆయన చెప్పాడు: "దానికి ఇంకొక చట్టం కావాలి. మిల్లు యజమానుల మీద పన్ను వెయ్యాలి, దాన్ని పని పోయినవాళ్లకు చేర్చే దారి చూడాలి. ఒక్కటొక్కటిగా చేస్తాం. మొదట రైతుది అయింది. తర్వాత మీది."

"ఎప్పటికి సామీ?"

"నేను మరిచిపోనమ్మా."

ఆయన అబద్ధం ఆడాడని నేను ఇప్పటికీ అనుకోను. కానీ తెల్లవాళ్ల సీమలో యుద్ధమన్నారు. మంత్రులు దిగిపోయారన్నారు. వకీలును జైల్లో పెట్టారని కోడుమూరు సంతలో విన్నాం. మార్కెట్టు కమిటీ ఉండిపోయింది, ముద్రల కాటాలు ఉండిపోయాయి. మా చట్టం గురించి అడగడానికి మాత్రం మనిషి లేడు.

ఆ తర్వాత వరసగా వానలు ఎగ్గొట్టాయి. ఏటికేడు మొహం చాటేశాయి. పడమర ఊళ్ల నుంచి ఎముకలు తేలిన ఎద్దుల్ని తోలుకుంటూ, తర్వాత ఎద్దులు కూడా లేకుండా, జనం మా బాట వెంట రావడం మొదలైంది. తుంగభద్రలో నీళ్లు గుంటల్లోకి దిగిపోయాయని మంత్రాలయం పోయొచ్చినవాళ్లు చెప్పారు. మధ్యాహ్నాలు ఎర్రటి దుమ్ము లేచి ఊరు కనిపించేది కాదు. అయినా బుడ్డలు మొండి పైరు, అక్కడక్కడ పండింది. కళ్లానికి కొద్దో గొప్పో కాయలు చేరాయి.

అప్పుడే ఇంజను ఆగిపోయింది. యుద్ధానికని ఆయిలు దొరకలేదు. నా భర్త కర్నూలు పోయి ఖాళీ పీపాతో తిరిగొచ్చాడు. అన్నేళ్లు వీపులో వినిపించిన చప్పుడు లేకపోయేసరికి నాకు నిద్ర పట్టేది కాదు. నాలుగు దినాలు పోయాక సావుకారి నా భర్తనే ఇంటికి పంపాడు.

"అమ్మా, ఆడోళ్లను పిలుచుకుని రమ్మంటాండాడు. చేత్తో ఒలిపిస్తాడంట."

మా అత్త అప్పటికి బాగా వంగిపోయింది. ఆ మాట వినగానే లేచి కూర్చుంది. పాతవాళ్లందరినీ ఇంటికి పిలిపించింది.

"పోదాం. కానీ ఊరికే పోయేది లేదు. రేపు ఆయిలు వస్తాది, ఇంజను మళ్లీ ఆడతాది, మళ్లీ మనల్ని పొమ్మంటాడు. ఇంజను ఆడిన దినం నుంచి మూటకు దోసెడు తన పాలులోంచి ఇస్తానని నలుగురి ముందర ఒప్పుకుంటేనే చాప పరిచేది. ఒక్కరన్నా ముందే పోయి కూర్చుంటే అందరం చెడతాం."

అందరూ సరేనన్నారు. బిడ్డల తలల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశారు. ఆకలితో ఉన్నవాళ్లే, అయినా మాట మీద నిలబడ్డారు. నాకు అది ఇప్పటికీ గొప్పగా అనిపిస్తుంది.

మర్నాడు ఆమెను పట్టుకుని నడిపిస్తూ కళ్లానికి తీసుకుపోయాను. వాకిలి దాటకముందే చిటపట చప్పుడు వినిపించింది. లోపల గోడ పొడుగునా ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. మా ఊరివాళ్లు కాదు. బాట వెంట వచ్చిన కరువు జనం. చాపలు కూడా లేవు, మట్టిలోనే కూర్చున్నారు. పక్కన పిల్లలు కడుపులు ఉబ్బి పడుకుని ఉన్నారు. ఎంత ఇస్తావని కూడా వాళ్లు అడిగి ఉండరు.

సావుకారి మమ్మల్ని చూసి అరుగు దిగి వచ్చాడు. "మీరు ఆలస్యం చేసినారమ్మా. వీళ్లు వాకిట్లో పడుండిరి. పొమ్మనేదానికి నాకు నోరు రాలేదు. కావాలంటే మీరూ కూర్చోండి, చోటుండాది." ఇచ్చేది ఎంతో చెప్పాడు. మేము ఎప్పుడూ తీసుకున్నదానిలో అది సగం కూడా కాదు.

మాలో ఒకామె కోపం ఆపుకోలేక ఆ ఆడవాళ్ల మీదికి పోయింది. "లేయండే! మా కడుపు కొట్టేదానికి యాడ నుంచి దాపురించినారే!" అని చెయ్యెత్తింది. మా అత్త ఆ చెయ్యి పట్టుకుంది.

"వాళ్లనెందుకే? వాళ్ల ముఖం చూడు ముందు."

ఆ చివర కూర్చున్నది నా ఈడుది. కాయను గోరుతో చీల్చబోయి వేలు తెగి, నెత్తురు గింజలకు అంటుతోంది. భయపడి వేలు కొంగులో దాచుకుంది. మా అత్త దాని ముందు కష్టం మీద చతికిలబడి, ఒక కాయ తీసుకుని, ముక్కు దగ్గర నొక్కి చూపించింది. అది తలెత్తకుండానే అట్లా చేసింది. కాయ పగిలింది. ఇంకొకటి తీసుకుంది. మా అత్త కాసేపు అక్కడే కూర్చుని, నన్ను లేపమని చెయ్యి చాపింది. మాతో వచ్చినవాళ్లలో చాలామంది ఆ పూట వెనక్కి రాలేదు. ఆ ధరకే కూర్చున్నారు. వాళ్లను తప్పుపట్టడానికి నేనెవరిని, నా ఇంట్లో అప్పటికి ఇంకా జొన్నలున్నాయి.

ఆమె ఆ ఏడు దాటలేదు. జ్వరం వచ్చింది, గ్రామ చావడిలో ఇచ్చే మందు తాగించాం. చివరి దినాల్లో మగతలో ఎవరితోనో బేరమాడుతున్నట్టు గొణిగేది. "తర్వాత అంటాండావు, తర్వాత అంటే ఎప్పుడు?" అని ఒకసారి స్పష్టంగా వినిపించింది.

ఆయిలు మళ్లీ దొరికినాక ఇంజను ఆడింది. కరువు ఆడవాళ్లను కూడా పంపేశారు. వాళ్లు కొన్నాళ్లు బాట అవతల గుడిసెలు వేసుకుని ఉన్నారు. ఒక పొద్దున చూస్తే గుడిసెల ఆకులు మాత్రమే ఉన్నాయి.

తెల్లవాళ్లు వెళ్లిపోయిన ఏట కళ్లంలో వకీలు చేత జెండా ఎత్తించారు. వకీలు జైలు నుంచి వచ్చినాక చిక్కిపోయాడు, గొంతు మాత్రం అట్లాగే ఉంది. పిల్లలకు బొరుగులు, బెల్లం పంచారు. నేను జనంలోంచి ముందుకు పోయి, మా అత్త పేరు చెప్పి, ఆ రెండో చట్టం సంగతి అడిగాను. ఆయన నా ముఖంలోకి చూసి, "ఆమె లేదా?" అన్నాడు. కళ్లు తుడుచుకున్నాడు. "ఇప్పుడు మన రాజ్యం వచ్చింది తల్లీ. ఇంక ఎవరి అనుమతీ అక్కర్లేదు," అన్నాడు. అప్పుడే ఎవరో పూలదండతో వచ్చి ఆయన్ను వేదిక మీదికి తీసుకుపోయారు. అదే వేదిక మీద సావుకారి కూడా కూర్చుని ఉన్నాడు. మార్కెట్టు కమిటీకి అప్పటికి ఆయనే పెద్ద.

ఆ పంటకాలం మొదలయ్యే ముందు ఇంకా పెద్ద మిషను వచ్చింది. గింజ ఏరడం, జల్లించడం, మూటకెత్తడం అంతా అదే చేస్తుందట. దానితోపాటు దాన్ని ఆడించే మనిషి కూడా వచ్చాడు. నా భర్త పొద్దున ఎప్పటిలాగే పోయి, ఎండ ఎక్కకముందే తిరిగొచ్చాడు. పొట్టు దుమ్ము మింగీ మింగీ అతనికి అప్పటికే దగ్గు పట్టుకుని ఉంది. అరుగు మీద కూర్చుని అరచేతులు చూసుకున్నాడు.

"వద్దన్నాడా బావా?" అని అడిగాను.

"వద్దనలేదు. కొత్తాయన చెప్పినట్టు వినమన్నాడు. విన్నా. ఆయప్పకు నేనేం చెయ్యల్లో తోచలేదు, నాకూ తోచలేదు. వచ్చేసినా."

ఇల్లు మా అన్నకు అప్పగించి కడప వైపు పోయాం. ఎర్రగుంట్ల దగ్గర నాపరాయి గనుల్లో మనుషులు కావాలని విన్నాం. మగవాళ్లు గడ్డపారలతో పలకలు లేపుతారు, ఆడవాళ్లు తలల మీద మోసి బండ్లకు ఎక్కిస్తారు. అన్నీ చేతులే. ఎటు చూసినా మనుషులే. మొదటి నెల నాకు ఊపిరి ఆడినట్టయింది. గని యజమాని ఒక రోజు మద్రాసు నుంచి వచ్చిన ఒకతన్ని వెంటబెట్టుకుని తిరిగాడు. అతను పలకల అంచులు చేత్తో తడిమి, పొడవు కొలిచి, ఎక్కడ దిమ్మె కడితే బాగుంటుందో కాలితో నేల మీద గీత గీశాడు.

మధ్యాహ్నం అన్నాల వేళ ఆడవాళ్లంతా రాతి నీడన కూర్చున్నారు. కడప, జమ్మలమడుగు, మా కర్నూలు, అన్ని వైపులవాళ్లూ ఉన్నారు. ఒకరి సంగతి ఒకరికి తెలియదు. నేను నా సంగటి ముద్ద పట్టుకుని వాళ్ల మధ్యకు పోయి కూర్చున్నాను.

"అక్కా, ఆ గీత ఏంటికి గీసినారో మీకు తెలుసునా?" అన్నాను.

తెలియదన్నారు. ఒకామె, "కొత్తగా కొట్టాలు కడతాండారేమోలే," అన్నది.

"మిసను పెడతారు. నేను చూసినా. దిమ్మె కట్టకముందే పోయి అడగల్ల. కట్టినాక మన మాట వినరు."

వాళ్లు తినడం ఆపి నా వైపు చూశారు. కొందరు నవ్వారు. పెద్దావిడ ఒకామె మాత్రం చెయ్యి కడుక్కుని, "ఏమని అడగల్ల?" అన్నది. నేను చెప్పడం మొదలుపెట్టాను. చెబుతుండగానే మేస్త్రి గంట కొట్టాడు. అందరూ తలగుడ్డలు చుట్టుకుంటూ లేచారు. మేమిద్దరమే ఇంకొంచెంసేపు కూర్చుని ఉండిపోయాం.